బండి వెంట వచ్చే సిగ్నలు

ఆగస్టు పదకొండో తేదీ మధ్యాహ్నం మేము వెదురుకొమ్ముల కూరతో సామలన్నం తిన్నాం. ఇంటినుంచి నేను కట్టుకెళ్ళిన పులిహోర క్యారియర్‌కి ఆ రోజు మూత కూడా తియ్యలేదు. కాసులమ్మ తియ్యనివ్వలేదు. "మా ఊరొచ్చి మీ కూడు మీరే తింటే మా గుమ్మానికి సిగ్గండి మాస్టారూ" అంటూ విస్తరాకు నా ముందు పరిచేసింది. నేను చాలనేలోపు రెండోసారి కూర వేసింది. మా ఆవిడ హైమవతి పోయాక నన్ను అడక్కుండా రెండోసారి వడ్డించినవాళ్ళు తక్కువ. ఆ కూర రుచి అందుకే ఇంకా నాలుకమీద ఉంది.

ఆ ఊరు జీలుగుపుట్టు. ఘాట్‌రోడ్డు వదిలి మట్టిదారి పట్టుకుని పైకి పోతే కొండ భుజం మీద ఉంటుంది. కాసులమ్మ ఆ ఊరి ఆశా కార్యకర్త. మా అమ్మాయి మృణాళిని విశాఖపట్నంలో తరంగిణి మొబైల్ కంపెనీ ల్యాబ్‌లో శాస్త్రజ్ఞురాలు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. వాళ్ళమ్మ పోయినప్పటినుంచి అమ్మాయి కొండలమీద పనికి బయల్దేరిన ప్రతిసారీ నన్ను జీపు వెనకసీట్లో వేసుకుపోతుంది. "ఇంట్లో ఒక్కడివే ఉంటే చారు కూడా కాచుకోవు నాన్నా" అంటుంది. అబద్ధమేం కాదు.

జీపు పైకప్పు మీద ఒక పెట్టె ఉంటుంది. అందులో మూడు కంపెనీల ఫోన్లు, ఒక చిన్న కంప్యూటరు. బండి పోతూంటే ఎక్కడ ఏ కంపెనీ సిగ్నలు ఎంత బలంగా ఉందో ఆ పెట్టె కొలుస్తూ పోతుంది. ఆ కొలతలన్నీ కలిపి ప్రభుత్వం నెలనెలా ఒక పటం వేస్తుంది. పోలిక పటం అంటారు. రాష్ట్రమంతా చిన్నచిన్న గళ్ళు, ఏ గడిలో ఏ కంపెనీ ముందుంటే ఆ కంపెనీ రంగు. జనం సిమ్ము కొనేముందు ఆ పటం చూస్తారు. ఏ కొండకి ఎవరి టవరు కావాలో, ఎవరిది అక్కర్లేదో సర్కారు తేల్చేదీ ఆ పటం చూసే.

ఏడాదికిందట పటంలో తరంగిణి రంగు వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ రంగు ఇప్పుడు కొండలన్నిటిమీదా పరుచుకుంది. అందుకు కారణం మా అమ్మాయి కనిపెట్టిన రేకులు.

రేకంటే తలుపంత పలక. దానినిండా గవ్వల్లాంటి బుడిపెలు వేలకొద్దీ. కొండచరియకి బిగిస్తే ఎక్కడో దూరంగా ఉన్న టవరు సిగ్నలుని పట్టి కావలసినవైపు తిప్పుతుంది. ఒకరోజు మా వంటింట్లో కిటికీ ఎండలో స్టీలు పళ్ళెం పట్టుకుని నాకు చూపించింది. వెలుగు బిళ్ళ గోడమీద గంతులేసింది.

"ఇది వెలుగు పుట్టించదు నాన్నా, తిప్పుతుందంతే. ఎటు తిప్పాలో రేకు తనే నేర్చుకుంటుంది. మంచి పని చేశావో లేదో చెప్పడానికి మాత్రం మనం మార్కులెయ్యాలి."

"ఏ మార్కులు?"

"పోలిక పటంలో వచ్చే మార్కులే."

"ఆ వెలుగు గోడమీద పడకపోతే ఎక్కడ పడేదమ్మలూ?"

"పప్పుగిన్నెమీద" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. ల్యాబ్‌లో ఆ రేకులకి పొద్దుతిరుగుళ్ళని ముద్దుపేరు.

ఆ మధ్యాహ్నం మేము విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఊరంతా ఫోన్ల మోతే. ఎప్పటివో మెసేజిలు ఒకదాని మీదొకటి వచ్చి పడుతున్నాయి. కాసులమ్మ మేనకోడలు సుందరికి అప్పుడు ఏడో నెల. విశాఖలో తాపీపని చేసుకుంటున్న మొగుడితో మాట్లాడుతూ, ఒక చెయ్యి పొట్టమీద వేసుకుని, వాకిట్లో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతోంది. "గట్టిగా అరవకు, ఇనబడతాంది" అని అతన్ని కసురుతోంది. గట్టిగా అరవక్కర్లేకపోవడం కూడా ఒక సుఖమేనని ఆ అమ్మాయి మొహం చూస్తే తెలిసింది. మా మృణాళిని అన్నం కలపడం మానేసి ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. చదువుకున్న చదువంతా ఒక్క వాకిట్లో కనబడితే ఏ మనిషైనా అలాగే చూస్తుంది.

"ఇంక శిఖరం మీది సమీర టవరుతో పనుండదు" అంది మా అమ్మాయి. సమీర మూడో కంపెనీ. దాని పాత టవరు మహా బలహీనం. ఊరిపైన బండరాయి ఎక్కి, ఫోన్‌ని బుట్టలో పెట్టి గెడకర్రకి తగిలించి పైకెత్తితే ఒక గీత వస్తుంది. అక్టోబరు పటంలో కూడా తరంగిణి రంగే ఉంటే సమీరకి సర్కారు ఇచ్చే సొమ్ము ఆపేసి టవరు పీకేస్తారని చెప్పింది.

కాసులమ్మ బండరాయివైపు ఒకసారి చూసి కూర గిన్నె అందుకుంది. అప్పల్రాజు, అంటే మా డ్రైవరు, "నా ఆకులో కొమ్ములు అయిపోనాయి పిన్నీ" అన్నాడు. అందరం నవ్వాం.

ఘాట్‌రోడ్డు మలుపు దగ్గరికి దిగి టీ తాగుతుంటే నా క్యారియర్ కాసులమ్మ అరుగుమీదే మరిచిపోయానని గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాను. అదే మాట. అమ్మాయికి అక్కడ కొలతల పని మిగిలి ఉంది. సరిగ్గా అప్పుడే కాసులమ్మ మరిది దుకాణం సరుకులతో మోటారుసైకిల్ మీద పైకి పోతుంటే అతని వెనక కూర్చున్నాను. క్యారియరేమీ బంగారం కాదు. హైమవతి కొన్నది, అంతే.

ఊళ్ళోకి వెళ్ళేసరికి నా ఫోన్‌లో ఒక్క గీత లేదు. మోతలన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళు బండరాయెక్కి గెడకర్రలు ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

"ఇదేమిటి కాసులమ్మా, ఇందాక అంత బాగుందిగా?"

"మీ బండెల్లిపోనాది కదండీ. సిగ్నలూ ఎల్లిపోనాది. టవరు బండిమీదే ఉంటే మరి బండితో పోదేటండీ?"

ఊరంతా అదే నమ్మకంతో ఉంది. జీపుమీద ఉన్నది సంచార టవరని, కంపెనీవాళ్ళు నెలకోసారి ఊరేగిస్తారని. వైద్య శిబిరం వచ్చినట్టు, రేషను బండి వచ్చినట్టు. నేను మాస్టారి గొంతు సవరించుకుని, ఆ పెట్టె సిగ్నలు ఇవ్వదని, ఉన్నది కొలుస్తుందని, థర్మామీటరు లాంటిదని చెప్పాను.

కాసులమ్మ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "తర్మామీటరు నేనూ పెడతానండి పిల్లలకి. అది పెట్టగానే జొరం రాదు, తియ్యగానే పోదు. మీదేం తర్మామీటరండీ?"

క్యారియర్ పట్టుకుని కిందికి వస్తూ ఆలోచించాను. మా కాలేజీకి తనిఖీ బృందం వచ్చేముందు ప్రతిసారీ నర్సరీనుంచి క్రోటన్ మొక్కల కుండీలు అద్దెకొచ్చేవి. వరండాలన్నీ పచ్చగా వెలిగిపోయేవి. బృందం కారు గేటు దాటగానే నర్సరీ లారీ లోపలికి వచ్చేది. మా కెమిస్ట్రీ లెక్చరరు "మొక్కలకి బదిలీ ఆర్డర్లొచ్చాయి" అనేవాడు. మొక్కలు నిజమైనవే. వాటి పచ్చదనమూ నిజమే. చూసేవాడున్నంతసేపూ.

మలుపు తిరిగి జీపు కంటపడగానే జేబులో ఫోన్ గణగణమంది. తీసి చూస్తే గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక చెప్తే మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అలాంటి మోసం ఎవరూ రాయలేదు నాన్నా. ఆ ప్రోగ్రాంలో ప్రతి అక్షరం నాకు తెలుసు."

"ఎవరూ రాయక్కర్లేదమ్మలూ. మార్కులెక్కడ పడతాయో తెలిశాక మా పిల్లలకి మాత్రం ఎవరైనా రాసిచ్చారా, ఏ ప్రశ్నలు చదవాలో?"

నామీద కోపంతో వారమంతా పొడిపొడిగా మాట్లాడింది. ఆ కోపంలోనే రోజూ నా మందులు మాత్రం గుర్తుచేసింది. వారం చివర ల్యాబ్‌నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడింది.

"నిజం నాన్నా. పెట్టె ఎటు కదిలితే రేకులన్నీ అటు తలతిప్పుతున్నాయి. ఒక కొండమీదినుంచి ఇంకో కొండమీదికి పెట్టెని చేతులు మారుస్తున్నట్టు ఉంది. పెట్టె లేని రోజుల్లో రోడ్డువైపు, కొత్త రిసార్టువైపు చూస్తూ కూర్చుంటున్నాయి. అక్కడ ఫోన్లెక్కువ కదా. జీలుగుపుట్టు వైపు ఒక్కటి కూడా చూడటం లేదు. నేను అడిగింది అడిగినట్టే చేసింది. అడగడమే తప్పుగా అడిగాను."

ల్యాబ్ పెద్ద ఫణీంద్రకి చెప్పిందట. ఆయన కుర్చీలో వెనక్కి వాలి "మార్కులు తెచ్చే పిల్లని ఎవరైనా తిడతారా మృణాళినీ?" అన్నాడట. సరిచేద్దాంలే, అక్టోబరు పటం వెళ్ళాక చూద్దాం అన్నాడట.

"అక్టోబరు పటం వెళ్తే టవరు పీకేస్తారు సార్. ఆ ఊళ్ళో ఒక పిల్లకి అప్పటికి నెలలు నిండుతాయి. నూట ఎనిమిదికి ఫోన్ ఎక్కణ్ణుంచి చేస్తారు?"

"మన పటం ప్రకారం ఇంట్లోంచే చేస్తారు" అన్నాడట.

ఆ మాట చెప్తున్నప్పుడు మా అమ్మాయి గొంతులో ఏడుపు లేదు. వాళ్ళమ్మకి కోపమొస్తే గిన్నెలు మెల్లగా పెట్టేది. ఆ మెల్లదనం ఉంది.

రుజువు కావాలి. కానీ కొలిచే పరికరం ఏది పట్టుకెళ్ళినా రేకులు పసిగట్టి తలతిప్పుతాయి. కాబట్టి మార్కులు లేని ఫోన్లు కావాలి. ఊళ్ళోవాళ్ళ మామూలు ఫోన్లు. సంతరోజున మేమిద్దరం బస్సెక్కి లోవగెడ్డ సంతకి వెళ్ళి కాసులమ్మని కలిశాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా తమ ఊళ్ళోంచే నా నంబరుకి మిస్డ్ కాల్ ఇవ్వాలి, రోజూ, తోచినప్పుడల్లా. అది మృణాళిని ఆలోచన.

"తగిలిన కాలు మీ ఫోన్లో పడతాది. తగల్నిది ఎక్కడ పడతాది పాపా?" అంది కాసులమ్మ. 'అమ్మాయిగారూ' పోయి 'పాపా' ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు.

దానికి ఉపాయం ఆవిడ బుట్టలోనే ఉంది. విత్తగా మిగిలిన రాజ్మా గింజలు. కాల్ చేసిన ప్రతిసారీ, తగిలినా తగలకపోయినా, ఒక గింజ డబ్బాలో వెయ్యాలి. తరంగిణి సిమ్ముకి ఎర్రగింజ. రెండో కంపెనీ గగన్‌కి తెల్లగింజ. సమీరకి చుక్కల గింజ. చదువు రానివాళ్ళకి కూడా రంగు వస్తుంది.

తర్వాత సంతల్లో ఒక్కొక్క ఊరివాళ్ళూ డబ్బాలు తెచ్చి మా ముందు గుమ్మరించారు. ఒక ముసలాయన ఖాళీ డబ్బా తెచ్చాడు.

"ఏం తాతా, ఒక్కసారి కూడా చెయ్యలేదా?"

"సేసినాడండీ, తెగ సేసినాడు" అంది ఆయన పెళ్ళాం. "రాత్తిరి కూర లేదని లెక్కంతా వొండుకు తినీసినాడు."

సంతలో అంతా ఒకటే నవ్వు. ముసలాయన మాత్రం చెక్కుచెదరకుండా "లెక్క రుసిగానే ఉందండి" అన్నాడు.

ఎర్రగింజలు గుట్టపడ్డాయి. నా ఫోన్‌లో తరంగిణి కాల్స్ వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తెల్లవి ఎవరివీ తగల్లేదు. చుక్కల గింజలు తక్కువే గాని వాటిలో సగానికి పైగా తగిలాయి, అన్నీ బండరాయి మీదివే. మృణాళిని ఊరుఊరుకీ రంగులేసి ఇంకో పటం గీసింది. దానిలో జీలుగుపుట్టు చుట్టూ తరంగిణి రంగు లేనే లేదు.

పటాలు చూసే అధికారి చక్రధరరావు గారు చెడ్డమనిషి కాదు. మాకు కుర్చీలు తెప్పించి ఫ్యాను మావైపు తిప్పించారు. "గింజలు ఆధారమా అమ్మా?" అని అడిగారు, వెక్కిరింత లేకుండా. రూలు ప్రకారం పెట్టె కొలతే కొలత అన్నారు. చాలాసేపు వాదించాక, అక్టోబరు కొలతకి తనే స్వయంగా జీలుగుపుట్టు వస్తానన్నారు. పెట్టె కూడా వస్తుంది, ఫణీంద్ర కూడా వస్తాడు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. రెండు జీపులు వచ్చాయి. అధికారిది ఒకటి, అప్పల్రాజు నడిపే పెట్టెబండి ఒకటి. బండి ఊళ్ళోకి రాగానే ఫోన్లు మోగడం మొదలెట్టాయి. ఫణీంద్ర చేతులు చాచి ఊరంతా చూపించాడు. "వినండి సార్. ఇంతకంటే రుజువేం కావాలి?"

"పెట్టెని వెనక్కి పంపించి మీరొక్కరూ ఇక్కడ ఉండండి సార్. టీ తాగేలోపు తెలిసిపోతుంది" అంది మృణాళిని.

చక్రధరరావు గారు తల అడ్డంగా తిప్పారు. "పెట్టె లేకుండా నేను చూసింది రిపోర్టులో రాయలేనమ్మా. పెట్టె ఉండగా నిండుగా ఉంది. రాయాల్సింది అదే." ఆయన మొహంలో ఇబ్బంది కనబడింది. ఇబ్బందికి ఏ రిపోర్టులోనూ గడి ఉండదు.

అంతా కాసులమ్మ ఇంట్లో టీలు తాగుతూ ఈ వాదనలో ఉండగానే కాసులమ్మ మాయమైంది. మేము బయటికి వచ్చేసరికి పెట్టెబండికి ముందూ వెనకా దారినిండా చాపలు, పట్టాలు. వాటిమీద కొత్తగా కోసి నూర్చిన సామలు పల్చగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు కాళ్ళతో గింజలు తిరగదోస్తున్నారు, బండి అక్కడ ఉందన్న సంగతే తెలియనట్టు.

"ఏమిటిది? తియ్యండి!" అన్నాడు ఫణీంద్ర.

"ఎండ బాగుందండీ. సామలు ఆరాల" అంది కాసులమ్మ.

"దారిలోనా?"

"మాకు చదునైంది ఇదొక్కటేనండి. మీరు రోడ్డెయ్యండి, అప్పుడు ఇంకోకాడ ఆరబోసుకుంటాం."

ఫణీంద్ర అప్పల్రాజు వైపు తిరిగాడు. "పోనీ బండి."

అప్పల్రాజు తలుపు తీసి కిందికి దిగాడు. చెప్పులు కూడా విప్పి పక్కన పెట్టాడు. "తిండిగింజల మీద బండెక్కించను సార్. మా అమ్మకి తెలిస్తే ఇంటికి రానివ్వదు."

"ఉద్యోగం పోతుంది."

"ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుంటాను సార్. మా అమ్మ ఒక్కత్తే కదండీ."

కాసులమ్మ బండి ముందుకు వచ్చి నిలబడింది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "సుందరికి నెలలు నిండినాయండి. మొన్న వానల్లో దీని అక్కకి నొప్పులొస్తే బండరాయెక్కి గెడకర్ర ఎత్తుకుని నేనే నిలబడినాను. టవరు అందేసరికి పిల్ల లోపలే పోనాది. బండుంటేనే సిగ్నలంటే, బండి ఇక్కడే ఉండాల. అది కనీదాకా."

చక్రధరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడే ఫణీంద్ర ఫోన్ మోగింది. రిసార్టు మేనేజరు. ఎంత గట్టిగా అరుస్తున్నాడంటే, మా అందరికీ వినబడింది. పొద్దుటినుంచి సిగ్నల్ లేదు, గెస్టులు గదులు ఖాళీ చేస్తామంటున్నారు, ఏం చేశారు మా సిగ్నల్ని?

పెట్టె అంతసేపు ఒకేచోట ఎప్పుడూ ఆగలేదు. ఎక్కడెక్కడి రేకులూ ఒకదాన్ని చూసి ఒకటి జీలుగుపుట్టు వైపు తిరిగిపోయినట్టున్నాయి.

"అక్కడ ఎందుకు పోయింది?" అన్నారు చక్రధరరావు గారు.

"ఇక్కడికి వచ్చింది కాబట్టి" అంది మా అమ్మాయి. "నా రేకులు సిగ్నల్ని పుట్టించవు సార్. ఒకరిదగ్గర తీసి ఒకరికిస్తాయి. ఇన్నాళ్ళూ ఎవరిదగ్గర తీశాయో వాళ్ళు ఫోన్ చేసి అరవలేకపోయారు. ఇవాళ తీసింది అరవగలిగినవాళ్ళదగ్గర."

ఆ రిసార్టులోనూ ఏ ముసలివాడికో గుండెనొప్పి వస్తే అన్న ఆలోచన నాకు వచ్చింది. మా అమ్మాయివైపు చూశాను. దానికీ వచ్చిందని తెలిసింది. "అందుకే టవరు ఉండాలి సార్" అంది మెల్లగా. "ఎవరిదీ తీసుకోకుండా ఇచ్చేది ఈ కొండమీద ఆ ముసలి టవరొక్కటే."

"నేను కాదనడం లేదమ్మా. కానీ పెట్టెలో నిండుగా ఉన్న కొలత ఉంది. దాన్ని నేను ఏం చెయ్యను?"

మధ్యాహ్నం అలాగే గడిచింది. ఊరివాళ్ళు అధికారికీ, ఫణీంద్రకీ కూడా అన్నం పెట్టారు. ఫణీంద్ర ముందు వద్దన్నాడు, కాసేపటికి తిన్నాడు. ఆకలి ఎవరినీ ఎక్కువసేపు పెద్దమనిషిగా ఉండనివ్వదు. పొద్దు వాలేసరికి కొండమీదినుంచి మంచు దిగడం మొదలైంది. మంచులో గింజలుంటే ముక్కిపోతాయి. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, చాపలు మడిచి సామలు గంపలకెత్తుకున్నారు. దారి ఖాళీ అయింది.

"పద అప్పల్రాజూ. ఇప్పుడు గింజల్లేవుగా" అన్నాడు ఫణీంద్ర.

అప్పల్రాజు చెప్పులు వేసుకున్నాడు. కాసులమ్మ ఖాళీ దారి మధ్యలో గంప పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ మొహంలో ఓటమిని అంతకుముందు నేను చూడలేదు.

అప్పుడు మా మృణాళిని బానెట్ మీద కాలుపెట్టి జీపు పైకెక్కింది. పెట్టెకి బిగించిన పట్టీలు ఒక్కొక్కటీ విప్పింది. నేను కిందనుంచి చేతులు చాచాను. ఏమీ అనకుండా పెట్టె నా చేతుల్లోకి దించింది. చంటిపిల్లంత బరువుంది.

"ఏం చేస్తున్నావు మృణాళినీ? అది కంపెనీ ఆస్తి."

"అవును సార్."

"దీన్ని దొంగతనం అంటారు."

"అవును సార్. కేసు పెట్టండి. ఫోన్ ఇక్కణ్ణుంచే చెయ్యండి, సిగ్నల్ బాగుంది."

ఊరంతా గొల్లుమంది. ఫణీంద్ర మొహం కందిపోయింది. "రేపటినుంచి నీకు ల్యాబ్ లేదు. ఆ రేకుల మీద నీ పేరు కూడా ఉండదు."

మా అమ్మాయి కిందికి దిగి దుమ్ము దులుపుకుంది. ఆ రేకులకోసం అది పెళ్ళి వాయిదా వేసుకుంది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మంచం పక్కన కూర్చుని వాటి లెక్కలే చేసుకునేది. ఆ పేరు పోవడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు.

"పేరు తీసెయ్యండి సార్. తప్పు మాత్రం నాదేనని నేనే రాసిస్తాను. ఎలా సరిచెయ్యాలో కూడా రాసిస్తాను." తర్వాత అధికారివైపు తిరిగింది. "సార్, నెల పటం పూర్తికావాలంటే పెట్టె ఈ కొండలన్నీ తిరగాలి కదా?"

"తిరగాలి."

"తిరగకపోతే?"

చక్రధరరావు గారు పెట్టెవైపు చూశారు. "తిరగకపోతే ఈ నెల పటం లేదు. పటం లేకపోతే టవరు తీసే ఉత్తర్వు లేదు." తన జీపువైపు అడుగేస్తూ, "పెట్టె ఎక్కడుందని నన్నడిగితే, ఉన్నచోటే చెప్తానమ్మా. అబద్ధం రాయను. ఇప్పుడు పెట్టె లేకుండా కిందికి వెళ్తున్నాను. దారిపొడుగునా నా ఫోన్ చూసుకుంటూ వెళ్తాను. చూసిందీ రాస్తాను, రూలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా" అన్నారు.

జీపులు రెండూ దిగిపోయాయి. అప్పల్రాజు వెళ్తూ కిటికీలోంచి తల బయటపెట్టి "పిన్నీ, రేపు బస్సులో వొత్తాను. కొమ్ముల కూర ఉంచు" అని అరిచాడు.

పెట్టెని కాసులమ్మ ఇంటి లోపలిగదిలో సామల గంపమీద పెట్టాం. రేపు పోలీసులు రావచ్చు. కంపెనీ వేరే పెట్టె తెప్పించుకోవచ్చు. ఆవలి గొందుల ఊళ్ళవాళ్ళు మా వంతెప్పుడని అడుగుతారు, అడగాలి కూడా. మృణాళిని అరుగుమీద నా పక్కన కూర్చుంది. కాసులమ్మ అడక్కుండానే నా భుజాలమీద ఒక దుప్పటి కప్పి వెళ్ళింది.

"అమ్మ ఉంటే ఏమనేది నాన్నా?"

"ముందు అన్నం తిను, తర్వాత జైలుకి వెళ్దువుగాని అనేది."

చాలారోజుల తర్వాత నవ్వింది. లోపల సుందరి మొగుడితో మాట్లాడుతోంది. బయల్దేరి వచ్చెయ్యమంటోంది, పిల్లకి పేరు నువ్వే పెట్టాలంటోంది. మాటల మధ్య ఎడం పెరిగింది. కాసేపటికి ఆ మాటలూ ఆగాయి. మృణాళిని లేచి లోపలికి తొంగిచూసింది. ఆ పిల్ల ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని నిద్రపోయింది. అవతల అతను "సుందరీ, సుందరీ" అంటున్నాడు. మా అమ్మాయి వంగి ఫోన్ అందుకుని, "పడుకుందయ్యా. బాగానే ఉంది. నువ్వు పొద్దున్నే బయల్దేరు" అని చెప్పి, ఫోన్‌ని ఆ పిల్ల చేతికి అందేచోట పెట్టింది. తర్వాత బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.